కొత్త కెర్నల్ ఎక్కింది, బూట్ మెనూలో మాత్రం లేదు: నా అనుభవం

నా ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12, లినక్స్ మింట్ 22 అనే రెండు లినక్స్ సిస్టమ్‌లు ఉన్నాయి, ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూలో ఏది కావాలో ఎంచుకుంటాను. మింట్‌లో వైఫై బాగానే వచ్చేది, డెబియన్‌లోకి వెళితే అసలు వైఫై కార్డు ఉన్నట్టే గుర్తించేది కాదు. అది రియల్‌టెక్ 8852బీఈ కార్డు. దాని డ్రైవర్ లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్) 6.2లో చేరింది, డెబియన్ 12తో వచ్చేదేమో 6.1. ఇక కెర్నల్ మార్చక తప్పదు. బ్యాక్‌పోర్ట్స్‌లో (పాత డెబియన్‌కి కొత్త ప్యాకేజీలు దొరికే చోటు) 6.12 ఉంది కదా అని ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి, ఆ నెట్‌తోనే కెర్నల్‌నీ, కార్డుకి కావాల్సిన రియల్‌టెక్ ఫర్మ్‌వేర్‌నీ దించాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

రీస్టార్ట్ చేసి, నడుస్తున్న కెర్నల్ ఏదో చూపించే యూనేమ్ -ఆర్ కమాండ్ కొడితే మళ్లీ 6.1 అనే చూపించింది. మెనూలో డెబియన్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల కూడా 6.12 లేదు.

బూట్ ఫోల్డర్‌లో చూశాను, 6.12 పేరుతో వీఎంలినజ్ (కెర్నల్), ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో దానికి కావాల్సినవి) ఫైళ్లు రెండూ ఉన్నాయి. బూట్ మెనూ చూపించేది గ్రబ్ అనే ప్రోగ్రామ్. ఆ మెనూని కొత్తగా రాసే అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడిపితే 'ఫౌండ్ లినక్స్ ఇమేజ్' అంటూ 6.12ని చూపించింది, ఆ మెనూ రాసి ఉండే గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ ఫైలు తెరిచి వెతికితే అందులోనూ ఉంది. ఫైళ్లలో అన్నీ సరిగ్గా ఉండి తెర మీద మాత్రం లేకపోయేసరికి నిజంగా టెన్షన్ పట్టుకుంది. నెల్లూరులో ఉండే మా బావకి ఫోన్ చేశాను. ఆయన ఎప్పటినుంచో లినక్స్ మీదే పని చేస్తున్నాడు.

"మెనూలో మొట్టమొదటి లైన్ ఏముందో చదువు."

"లినక్స్ మింట్ 22 అని ఉంది బావా. డెబియన్ కింద ఉంది."

"అయితే అది మింట్ గ్రబ్ మెనూ. నువ్వు డెబియన్ గ్రబ్‌లో రాస్తే ఈడ ఎట్టా కనపడద్ది?"

విషయమంతా అదే. రెండు లినక్స్‌లు ఉంటే గ్రబ్‌లు రెండు, వాటి సీఎఫ్‌జీ ఫైళ్లూ రెండు. డెబియన్‌లో అప్‌డేట్-గ్రబ్ కొడితే డెబియన్ ఫైలే మారుతుంది. మిషన్ ఆన్ అవగానే వచ్చేది మింట్ మెనూ, అందులో డెబియన్ గురించి ఉన్నది పోయినసారి ఓఎస్-ప్రోబర్ (మిషన్‌లో ఉన్న వేరే సిస్టమ్‌లను వెతికే ప్రోగ్రామ్) రాసిపెట్టిన పాత లిస్టు. కావలి బస్టాండులో బోర్డు మార్చి, కొత్త టైము కోసం ఒంగోలు బస్టాండులో వెతికినట్టు ఉంటుంది. అప్‌డేట్-గ్రబ్ కొట్టమని అందరూ చెబుతారు, ఏ సిస్టమ్‌లో కొట్టాలో కూడా చెబితే ఎంతమందికి తిప్పలు తప్పుతాయో!

మింట్‌లోకి వెళ్లి అక్కడ అప్‌డేట్-గ్రబ్ నడిపితే 6.12 వచ్చేస్తుంది, వచ్చింది కూడా. కానీ డెబియన్‌లో కెర్నల్ మారిన ప్రతిసారీ మింట్‌లోకి వెళ్లి ఈ పని చేయాలంటే నాకు నచ్చలేదు. అందుకని ఏ గ్రబ్ ముందు రావాలో చెప్పే బూట్ ఆర్డరే మార్చాను. టెర్మినల్‌లో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అని కొడితే ఎంట్రీలన్నీ నంబర్లతో వస్తాయి, నా మిషన్‌లో 0001 డెబియన్, 0003 ఉబుంటు. ఉబుంటు నేను ఎక్కించనే లేదే అని కంగారు పడక్కర్లేదు, మింట్ తన బూట్‌లోడర్‌కి ఆ పేరే పెట్టుకుంటుంది. సుడోతో (అడ్మిన్ అధికారంతో) అదే కమాండ్‌కి -ఓ పెట్టి, 0001 ముందు, 0003 తర్వాత ఇచ్చాను. రీస్టార్ట్ చేస్తే డెబియన్ మెనూ, అందులో 6.12, లోపలికి వెళితే వైఫై! ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

ఇక్కడితో అయిపోలేదు, డెబియన్ మెనూలో ఇప్పుడు మింట్ లేదు. గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటుంది. ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని పెడితే మింట్ కనబడుతుంది గానీ, అప్పుడు మింట్ కెర్నల్ మారినప్పుడు ఇదే గొడవ. బావ చెప్పిన దారి వేరు. ఈటీసీ/గ్రబ్.డీలో 40_కస్టమ్ ఫైలు ఉంటుంది, అందులో మింట్ పార్టిషన్ యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) ఇచ్చి, కాన్ఫిగ్‌ఫైల్ అనే కమాండ్‌తో మింట్ సొంత గ్రబ్ డాట్ సీఎఫ్‌జీని తెరిచేలా ఒక ఎంట్రీ రాసి, డెబియన్‌లో ఒకసారి అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. ఆ ఎంట్రీ నొక్కితే మింట్ మెనూయే వస్తుంది, అది ఎప్పుడూ తాజాగా ఉంటుంది.

మిషన్‌లో ఒకటే లినక్స్ ఉన్నవాళ్లకి ఇదంతా అవసరం లేదు. వాళ్లకి కొత్త కెర్నల్ కనబడకపోతే ముందు మెనూ దాచిపెట్టి ఉందేమో చూడండి, ఆన్ చేయగానే కొత్త రకం యూఈఎఫ్ఐ మిషన్ అయితే ఎస్కేప్, పాత బయోస్ అయితే షిఫ్ట్ నొక్కాలి. బూట్ ఫోల్డర్ (స్లాష్ బూట్) వేరే పార్టిషన్ అయితే అది నిండిపోయిందేమో, అసలు మౌంట్ అయిందో లేదో (సిస్టమ్‌కి తగిలి ఉందో లేదో) కూడా చూసుకోండి. పాత 6.1ని మాత్రం నేను తీసేయలేదు, కొత్తదానితో ఏదైనా తేడా వస్తే లోపలికి వెళ్లడానికి అదే ఆధారం.