ఆటుపోట్ల డేటాకి ఎఫ్ఎఫ్‌టీ: ఎన్‌తో భాగించేది ఎక్కడ?

వైజాగ్ హార్బర్ నీటిమట్టం డేటా, గంటకో రీడింగు. దాని మీద నడిచే పాత మ్యాట్‌ల్యాబ్ కోడ్‌ను సీలోకి, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ లైబ్రరీ మీదకి మార్చాలి. ఎఫ్ఎఫ్‌టీ అంటే డేటాని పౌనఃపున్యాలుగా విడగొట్టే లెక్క. ఫార్ములా అదే, కానీ ఎన్‌తో (రీడింగుల సంఖ్యతో) ఎవరు ఎప్పుడు భాగిస్తారన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది.

మ్యాట్‌ల్యాబ్, నంపై (పైథాన్ లైబ్రరీ) ఫార్వర్డ్‌లో (డేటా నుంచి పౌనఃపున్యాలకి) భాగించవు, ఇన్వర్స్‌లో (తిరుగు దిశలో) ఎన్‌తో భాగిస్తాయి. ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ రెండు వైపులా భాగించదు, కాబట్టి వెళ్లి తిరిగొచ్చిన డేటా ఎన్ రెట్లవుతుంది. ఆర్ భాష కూడా ఇంతే. మ్యాథమాటికా రెండు వైపులా ఎన్ వర్గమూలంతో భాగిస్తుంది, పైగా ఘాతంలో గుర్తు తిరగేస్తుంది. పరిమాణం సరిపోయి ఫేజు మాత్రం ఎదురు గుర్తుతో వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

నిడివి 708 గంటలు పెట్టుకున్నాను, అంటే ఎన్ 708. ఎం2 (చంద్రుడి వల్ల రోజుకు దాదాపు రెండుసార్లు వచ్చే ఆటుపోటు) పీరియడ్ 12.42 గంటలు, కాబట్టి 708లో దాదాపు సరిగ్గా 57 సైకిళ్లు పడతాయి. 12 గంటల ఎస్2కి (సూర్యుడి వల్ల వచ్చేదానికి) 59. రెండూ ఒక్కో బిన్ (ఎఫ్ఎఫ్‌టీ ఇచ్చే పౌనఃపున్యపు గడి) మీద దాదాపు సరిగ్గా కూర్చుంటాయి.

అసలు డేటా ముట్టుకోకముందే 57వ బిన్‌లో 1 మీటరు కొసైన్ ఒకటి తయారుచేసి పంపాలి. భాగించని ఫార్వర్డ్ అయితే శిఖరం 354 రావాలి. వర్గమూలం పద్ధతైతే 13.3, ఎన్‌తో భాగిస్తే 0.5. వచ్చిన అంకె చూడగానే లైబ్రరీ ఏ పద్ధతో తెలిసిపోతుంది. మాన్యువల్ కంటే నాకు ఈ పరీక్ష మీదే నమ్మకం.

రియల్ ట్రాన్స్‌ఫారమ్ 355 బిన్లే ఇస్తుంది, సగం శక్తి రుణ పౌనఃపున్యాల్లో ఉండిపోతుంది. అందుకని 1 నుంచి 353 వరకు 2/ఎన్‌తో గుణించాలి. సున్నా బిన్‌నీ, చివరి 354నీ మాత్రం 1/ఎన్‌తోనే. అన్నిటికీ ఒకే లూపు రాసేస్తే 80 సెం.మీ. సగటు మట్టం 160 అయి కూర్చుంటుంది.

హాన్ విండో (డేటాని రెండు అంచుల దగ్గర మెల్లగా సున్నాకి దించే గుణకాలు) వేస్తే 2/ఎన్ చెల్లదు. విండో విలువల మొత్తంతో 2ని భాగించాలి. పీరియాడిక్ హాన్‌కి ఆ మొత్తం 354, శిఖరం 177కి దిగుతుంది, పక్క బిన్లలో చెరో 88.5 కనిపిస్తాయి. పవర్ డెన్సిటీ (ఒక్కో యూనిట్ పౌనఃపున్యానికి ఎంత శక్తి అన్నది) కావాలంటే లెక్క వేరు: పరిమాణ వర్గాన్ని రెట్టింపు చేసి, శాంప్లింగ్ రేటు, విండో వర్గాల మొత్తం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. యూనిట్ మీటరు వర్గం పర్ సైకిల్ పర్ అవర్. ఎన్ పెంచితే ఇందులో ఎం2 శిఖరం పెరుగుతుంది, నాయిస్ మట్టం కదలదు. యాంప్లిట్యూడ్ స్పెక్ట్రమ్‌లో దీనికి ఎదురు: శిఖరం కదలదు, నాయిస్ తగ్గుతుంది. అందుకే శిఖరాల ఎత్తుకి ఒకటి, నాయిస్‌కి ఇంకొకటి. రెండూ ఒకే గ్రాఫ్ మీద గీయకండి.

ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూలో మెజర్ ఫ్లాగుతో (పద్ధతుల్ని నడిపి చూసి వేగమైనది ఎంచుకోమనే సూచనతో) ప్లాన్ చేస్తే అర్రేలు చెరిగిపోతాయి. ప్లాన్ ముందు, డేటా నింపడం తర్వాత. కాంప్లెక్స్ నుంచి రియల్‌కి వచ్చే ఇన్వర్స్ కూడా మామూలుగా ఇన్‌పుట్‌ని పాడుచేస్తుంది, స్పెక్ట్రమ్ మళ్లీ కావాలంటే కాపీ దాచుకోవాలి.

కె1 (రోజుకొకసారి వచ్చే ఆటుపోటు) మాత్రం 29.58 దగ్గర, రెండు బిన్ల మధ్య పడుతుంది. దాని ఎత్తుకి స్కేలింగ్ ఎంత సరిచూసినా లాభం లేదు, లీస్ట్ స్క్వేర్స్‌తో ఫిట్ చేయాల్సిందే.