మాట మీద నిలిచిన నటి, మాటలు కరువైన పాత్ర

మీలా కూనిస్‌ను అందరూ హాలీవుడ్ నటిగానే లెక్కిస్తారు గానీ, ఆమె పుట్టింది 1983లో, నాటి సోవియట్ ఉక్రెయిన్‌లోని చెర్నివ్‌ట్సీలో. తండ్రి మెకానికల్ ఇంజినీరు, తల్లి భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలు. 1991లో ఆ యూదు కుటుంబం లాస్ ఏంజెలెస్‌కు తరలివెళ్లే నాటికి ఆమెకు ఏడేళ్లు, ఇంగ్లీషు రాదు. అక్కడ చదివిన రెండో తరగతి తనకు గుర్తే లేదని, ఆ ఏడాదిని మనసు తుడిచేసుకుందని ఆమె పెద్దయ్యాక ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది.

అలాంటి పిల్ల మరో ఏడేళ్లకు, 1998లో మొదలైన ‘దట్ సెవెంటీస్ షో’ అనే హాస్య ధారావాహికలో, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే జాకీ పాత్రతో ఇంటింటికీ తెలిసిపోయింది. పద్దెనిమిదేళ్లు నిండాయా అని నిర్మాతలు అడిగితే, ఏ పుట్టినరోజో చెప్పకుండా, ‘పుట్టినరోజుకి నిండుతాయి’ అని మాత్రమే చెప్పి పాత్ర సంపాదించుకుందట. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. మరుసటి ఏడాది నుంచి ‘ఫ్యామిలీ గై’ కార్టూన్‌లో మెగ్ పాత్రకు గొంతు ఇవ్వసాగింది. అక్కడైతే ముఖం కూడా కనబడదు, ఉన్నదంతా మాటే. 2010లో ‘బ్లాక్ స్వాన్’ కోసం నెలల తరబడి బ్యాలే సాధన చేసి, వెనిస్ చిత్రోత్సవంలో కొత్త నటీనటులకిచ్చే మార్చెల్లో మాస్త్రొయాన్ని పురస్కారం అందుకుంది. దేహంతో చేసిన ఆ పాత్రలోనూ నాకు ముందుగా గుర్తొచ్చేది ఆమె మాటలోని నిర్లక్ష్యమే.

ఇంత చెప్పింది ఆమె నటించిన ‘ద కలర్ ఆఫ్ టైమ్’ అనే సినిమా గురించి రాయడానికి. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో సినిమా విద్యార్థులకు పాఠం చెబుతున్న నటుడు జేమ్స్ ఫ్రాంకో, అమెరికన్ కవి సి.కె. విలియమ్స్ 1983 నాటి కవితా సంపుటి ‘టార్’ను వాళ్ల చేతిలో పెట్టి, అందులోని కవితలను తెరకెక్కించమన్నాడు. పన్నెండు మంది దర్శకత్వం వహించారు. వారిలో శ్రుతి గంగూలీ, శ్రీప్రియ మహేశ్ అనే పేర్లు కనబడగానే మనవాళ్లన్న చిన్న సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. 2012లో రోమ్ చిత్రోత్సవంలో సంపుటి పేరుతోనే ప్రదర్శించారు. అమెరికాలో విడుదలైంది మాత్రం 2014 డిసెంబరులో, మారిన పేరుతో.

సాధారణంగా ఆంథాలజీలో ఒక కథ ముగిసి మరొకటి మొదలవుతుంది, నచ్చనిదాన్ని ఓర్చుకుని తరువాతిదాని కోసం ఎదురుచూస్తాం. ఇక్కడ పన్నెండు మంది తీసిన ముక్కలనూ అతుకు కనబడకుండా కలిపి ఒకే కవి జీవితంగా కుట్టారు. ఫ్రాంకోతో సహా నలుగురు నటులు వేర్వేరు వయసుల విలియమ్స్‌గా కనిపిస్తారు. ఆ నేర్పే సినిమాకు చేటు చేసిందని నా అభిప్రాయం. ఎవరి చూపు ఎవరిదో తెలియకుండా, అందరూ అమెరికన్ దర్శకుడు టెరెన్స్ మాలిక్ పద్ధతినే అనుసరించినట్టు, ఎండ పొడ, గాలికి ఊగే గడ్డి, గొణుగుడు వ్యాఖ్యానం. విలియమ్స్ కవిత్వం అలాంటిది కాదు. పుట వెడల్పు చాలనంత పొడవైన పాదాలతో, వాదిస్తున్నట్టు సాగే కవిత్వం ఆయనది. ‘టార్’ కవితలో 1979లో అమెరికాలో జరిగిన త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదం వార్త ఒకవైపు, ఇంటి కప్పు మీద కాగే తారుతో పనివాళ్లు మరోవైపు ఉంటారు. ఆ వేడి, ఆ మురికి తెర మీదికి పెద్దగా రాలేదు.

కూనిస్ వేసింది కవి భార్య కేథరిన్ పాత్ర. ఆమె నవ్వుతుంది, బిడ్డను చూసుకుంటుంది, వెలుతురులో అందంగా నిలబడుతుంది. మాట్లాడే పని దాదాపుగా కవి గొంతుదే. విద్యార్థులకు దొరక్క దొరికిన తార కదా, ముఖం చూపిస్తే చాలనుకున్నారేమో. మాతృభాష కాని భాషలో మాటతోనే ఇంత దూరం వచ్చిన నటి చేతిలోంచి ఆ మాటనే తీసేసుకున్నారు.

విచిత్రమేమిటంటే, ఫ్రాంకో, కూనిస్ అంతకు ముందే 2010లో ‘డేట్ నైట్’లో జంటగా నటించారు. చిల్లర నేరాలు చేసుకునే ఆ ఇద్దరూ పరాయి దంపతుల ఎదుటే కీచులాడుకునే ఆ సన్నివేశం కొద్ది నిమిషాలే ఉంటుంది గానీ, ఆ సినిమాలో నాకు మిగిలినది అదే. ఆ పన్నెండు మందీ షూటింగుకు ముందు దాన్ని మరోసారి చూసి ఉంటే, కేథరిన్ చేత ఇంకో నాలుగు మాటలు మాట్లాడించేవారేమో.