కొత్త ప్రింటర్‌లో పాత బిల్లు

చెన్నైలో పారీస్ కార్నర్ దగ్గర మావయ్యకు పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. అక్కడ బిల్లులు ఇప్పటికీ సూదులతో కొట్టి అచ్చు వేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీదే కొడతారు. పార్టీకి ఒకటి, లారీకి ఒకటి, కొట్టుకు ఒకటి, మొత్తం మూడు కాపీలు ఒకేసారి రావాలి. సూది దెబ్బ మూడు పొరలకూ దిగితేనే అది సాధ్యం, లేజర్ ప్రింటర్ ఆ పని చేయలేదు. పాత ప్రింటర్ హెడ్ పోయాక మావయ్య ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో ఇంకొకటి తెచ్చుకున్నారు. కేబుల్ మార్చి మొదటి బిల్లు కొట్టగానే అందరికీ టెన్షన్ పట్టుకుంది.

అడ్డగీతలు రావాల్సిన చోట వాలుగా ఇంగ్లీషు ‘డి’ అక్షరాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పడ్డాయి. నిలువు గీతల చోట 3 అంకెలు. ప్రతి లైను కిందా ఒక లైను ఖాళీ. బిల్లు ఫారం పొడవు 6 అంగుళాలైతే, పేపరు మాత్రం దాన్ని దాటి ఇంకో ఫారం మధ్యలో ఎక్కడో ఆగుతోంది. అమ్మిన వాళ్ళను అడిగితే సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అన్నారట. ఆ సాఫ్ట్‌వేర్ ఫాక్స్‌ప్రో అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, రాసినతను ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. “ఇది మనకు అచ్చిరాలేదమ్మా, తిరిగిచ్చేస్తాను” అన్నారు మావయ్య. ఒక్క ఆదివారం నాకు వదిలేయమని అడిగాను.

ఇలాంటి ప్రింటర్లకు చాలావరకు ఎప్సన్ పెట్టిన ఈఎస్‌సీ/పీ కమాండ్లే అర్థమవుతాయి. 27 అనే కోడ్ వస్తే, తర్వాత వచ్చేది అచ్చు వేయాల్సిన అక్షరం కాదు, ఆజ్ఞ అని ప్రింటర్ తెలుసుకుంటుంది. ఈ సంగతి తెలిసిన ధైర్యంతో ముందు పేజీ పొడవు పట్టుకున్నాను. 27, 67, 0, 6 పంపితే పేజీ 6 అంగుళాలు అవుతుంది. ఆ నాలుగు కోడ్లనూ ఒక ఫైల్‌లో పెట్టి, ప్రింటర్‌కు నేరుగా కాపీ చేసి, తర్వాత పేజీ మార్చే కోడ్ 12 పంపాను. పేపరు సరిగ్గా 6 అంగుళాలు జరిగి ఆగింది. సంతోషంగా బిల్లు కొట్టించాను. మళ్ళీ పాత కథే.

గంటన్నర అక్కడే తిరిగాను. కేబుల్ మార్చి చూశాను, వేరే కంప్యూటర్‌కు పెట్టి చూశాను. అసలు సాఫ్ట్‌వేర్ ఏం పంపుతోందో చూడకుండా ఊహల మీద నడుస్తున్నానని అప్పుడు తట్టింది. ఈ ప్రింటర్లలో దానికో దారి ఉంది. మా దాంట్లో రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే హెక్స్ డంప్ మోడ్‌లోకి వెళుతుంది. అప్పుడు వచ్చిన ఆజ్ఞలను పాటించదు, వచ్చిన ప్రతి కోడ్‌నూ ఉన్నదున్నట్టు, 16 ఆధారంగా రాసే హెక్స్ అంకెల్లో, కాగితం మీద పెడుతుంది. ఒక బిల్లు పంపి, ఆ కాగితం చింపుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

మొదటి రెండు కోడ్లలోనే జవాబుంది: 1బి 40. అంటే 27, 64. ప్రింటర్‌ను మొదటి స్థితికి తెమ్మనే ఆజ్ఞ. సాఫ్ట్‌వేర్ ప్రతి బిల్లుకు ముందూ దాన్ని పంపుతోంది. నేను పెట్టిన 6 అంగుళాలు ఆ క్షణంలోనే తుడిచిపెట్టుకుపోయి, ప్రింటర్ మీది బటన్ల ప్యానెల్‌లో దాచి ఉన్న పొడవు తిరిగి వస్తోంది. తర్వాత సన్న అక్షరాలకు 0ఎఫ్, మొత్తం దగ్గర బోల్డ్‌కు 1బి 45, చివర పేజీ మార్చడానికి 0సి. పేజీ పొడవు గురించి ఒక్క మాట లేదు. సాఫ్ట్‌వేర్ రాసినతను ఆ సంగతి పూర్తిగా ప్యానెల్‌కే వదిలేశాడన్నమాట.

మిగతా రెండు తప్పులూ ఆ కాగితం మీదే విడిపోయాయి. ప్రతి లైను చివర 0డి 0ఎ ఉంది, అంటే కింది లైనుకు దిగమని సాఫ్ట్‌వేరే చెబుతోంది. ప్యానెల్‌లో ఆటో లైన్ ఫీడ్ (లైను చివర ప్రింటరే తనంతట కిందికి దిగడం) కూడా ఆన్‌లో ఉండటంతో రెండుసార్లు దిగుతోంది. అడ్డగీతల చోట వరసగా సి4, అంటే 196. గీతకు అదే సరైన కోడ్. కానీ ఏ కోడ్‌కు ఏ అక్షరమో చెప్పే పట్టికల్లో ఇటాలిక్ టేబుల్‌లో ఉన్న ప్రింటర్ 128 పైన వచ్చే కోడ్లను వాలు అక్షరాలుగా చదువుతుంది. 196లోంచి 128 తీస్తే 68, అది ‘డి’. నిలువు గీత 179లోంచి తీస్తే 51, అది 3 అంకె. ఆ లెక్క కుదిరినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. సాఫ్ట్‌వేర్‌లో దోషం లేదు, ప్రింటర్‌లోనూ లేదు. ఇంతకుముందు వాడినవాళ్ళు తమ పనికి తగ్గట్టు పెట్టుకున్న సెట్టింగ్‌లు అలాగే ఉండిపోయాయి, అంతే. ప్యానెల్ సెట్టింగ్‌లు కరెంటు తీసేసినా పోవు.

ఇక మార్చడం పది నిమిషాల పని. సెట్టింగ్ మోడ్‌లో ప్రింటర్ తన మెనూను తానే అచ్చు వేసి ఇస్తుంది. ఒక బటన్‌తో అంశం, ఇంకో బటన్‌తో విలువ. ఏది ఎంపికైందో లైట్లు వెలగడం, ఆరడం, మినుకుమనడాన్ని బట్టి చూసుకోవాలి, అక్కడ తొందరపడకూడదు. పేజీ పొడవు 6 అంగుళాలు, ఆటో లైన్ ఫీడ్ ఆఫ్, క్యారెక్టర్ టేబుల్ గీతల కోడ్లున్న పీసీ437 పెట్టి స్విచ్ ఆపాను. మళ్ళీ వేశాక మొదటి లైను మాత్రం ఫారం మీది కొట్టు పేరు మీదకు ఎక్కింది. పాజ్ బటన్ నొక్కి పట్టుకుని పేపరును కొంచెం కొంచెంగా జరిపి అదీ సరిచేశాను.

సోమవారం పొద్దున గుమాస్తా గారు ఫోన్ చేశారు. “పదకొండు బిల్లులు కొట్టామమ్మా, చింపే చోటు ఒక్కదానికీ తప్పలేదు” అన్నారు. మెనూ అచ్చైన కాగితం మీద మూడు సెట్టింగ్‌లకూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, మావయ్య దాన్ని ప్రింటర్ మూత లోపల అంటించుకున్నారు.