ఆగాల్సిన చోట

మా అబ్బాకు పక్షవాతం వచ్చి కుడి పక్క చచ్చుబడింది. దాంతోపాటే మాటా పోయింది. డిశ్చార్జ్ రోజు డాక్టరు గారు, "రోజూ ఏదో ఒకటి పలికిస్తూ ఉండండి, తొందరపెట్టకండి" అని చెప్పి పంపారు. తిరుపతి నుంచి చిత్తూరులో ఇంటికి తెచ్చాక ఏం పలికించాలో మాకు తోచలేదు. పేపర్ చదివిద్దామంటే ఆయనకు కోపం. మనవరాలి ఒకటో తరగతి వాచకం ముందు పెడితే ఎడమ చేత్తో పక్కకి నెట్టేశారు. ఆఖరికి అమ్మీ, "ఆ హుస్రీ సాబ్‌ది పెట్టురా" అంది.

అంటే షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ, ఖురాన్ పఠనంలో పేరున్న మనిషి. మా మామూ కువైట్ నుంచి వచ్చినప్పుడు ఆయన ఖురాన్ పారాయణం క్యాసెట్లు ఒక పెట్టె నిండా తెచ్చాడు. నిజం చెప్పాలంటే అప్పట్లో అవి నాకు నచ్చేవి కావు. పక్కింట్లో ఇంకో ఖారీ (ఖురాన్ పఠించే ఆయన) అబ్దుల్ బాసిత్ క్యాసెట్ పెట్టేవారు. ఆయన ఒక్క గుక్కలో ఆయతు (ఖురాన్ వాక్యం) ఎత్తుకుని పైపైకి వెళ్తుంటే మేమూ ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. హుసరీ పారాయణంలో అలాంటిదేమీ ఉండదు. మాస్టారు డిక్టేషన్ చెప్పినట్టు ఒక ఆయతు, ఒక విరామం, మళ్ళీ ఒక ఆయతు. అబ్బాకు మాత్రం కుట్టు మిషన్ మీద పనిచేసుకుంటూ వినడానికి అదే కావాలి.

ఖురాన్ 73వ సూరా (అధ్యాయం) ముజ్జమ్మిల్. అందులో నాలుగో ఆయతు చివర "వ రత్తిలిల్ ఖుర్ఆన తర్తీలా" అని ఉంది. ఖురాన్‌ను నింపాదిగా, తేటగా పఠించు అని అర్థం. 'తర్తీల్' అన్న మాట పుట్టుక నాకు చాలా ఇష్టం. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, సరైన ఎడంతో వరుసగా ఉన్న పళ్ళను అరబ్బులు 'రతిల్' అనేవారట. మాటలూ అలా ఉండాలన్నమాట. తర్తీల్ అంటే అక్షరాలను చక్కగా పలకడం, ఎక్కడ ఆగాలో తెలిసి ఉండడం అని హజ్రత్ అలీ (రజి) చెప్పినట్టు పెద్దలు చెబుతారు. ప్రవక్త (స) ఒక్కో ఆయతు దగ్గర ఆగి పఠించేవారని ఆయన భార్య ఉమ్మె సలమా (రజి) చెప్పిన హదీసు కూడా ఉంది.

ఎక్కడ ఆగినా ఒకటే కదా అనుకుంటాం. కాదు. సూరా నిసాలో 43వ ఆయతు ఉంది. మత్తులో ఉన్నప్పుడు నమాజు దగ్గరికి వెళ్ళకండి అని. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి మనకు ఇబ్బంది లేదు. అరబీలో వరస తిరగబడి ఉంటుంది. "లా తఖ్రబుస్సలాత" అని ఊపిరి చాలక ఆగిపోతే, వినేవాడికి 'నమాజు దగ్గరికి వెళ్ళకండి' అన్నంతవరకే చేరుతుంది! అందుకే ముస్‌హఫ్‌లో, అంటే ఖురాన్ ప్రతిలో, అక్షరాల మీద చిన్న చిన్న గుర్తులుంటాయి. మీమ్ అనే అక్షరం ఉంటే తప్పక ఆగాలి, లా ఉంటే ఆగకూడదు.

హుసరీ 1917లో ఈజిప్టులో, తంతా పట్టణం దగ్గర షుబ్రా అన్నమ్లా అనే ఊళ్ళో పుట్టారు. ఎనిమిదేళ్ళకే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యారు. 1944లో రేడియో పరీక్షలో మొదటి స్థానంలో నిలిచారు. 1955 నుంచి కైరోలోని హుసేన్ మసీదులో ఖారీ. ఇదంతా ఒక ఎత్తు, 1961లో పూర్తయిన పని ఒక ఎత్తు. కాగితం మీద అచ్చయిన ఖురాన్ ఉంది, కానీ దాని సరైన పలుకు మనిషి నుంచి మనిషికే అందాలి, గురువులు పోతే ఎలా అని లబీబ్ అస్సయీద్ అనే పండితుడికి దిగులు పట్టుకుంది. ఖురాన్‌లోని ముప్పై పారాలూ (భాగాలూ) రికార్డు చేద్దామని 1959లో ప్రతిపాదించాడు. సభల్లో రాగాలు తీస్తూ, జనం "అల్లాహ్!" అని అరుస్తుంటే పాడే ముజవ్వద్ శైలి కాదు, నేర్చుకునేవాడు వెంట పలకగలిగే మురత్తల్ శైలి కావాలి. దానికి హుసరీ గొంతు కుదిరింది. ఖురాన్ మొత్తం అలా రికార్డు కావడం అదే మొదలు. తర్వాత 1964లో వర్ష్ అనే మరో పఠన పద్ధతిలోనూ చదివారు. ఆగే చోట్ల గురించి ఆయన ఒక పుస్తకం కూడా రాశారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. చిన్నప్పుడు నాకు బోరు కొట్టించిన ఆ విరామాల వెనక అంత చదువుంది! 1980లో కన్నుమూశారు.

ఇక మన సంగతి. రంజాన్‌లో ఖురాన్ చదివే తరావీహ్ రాత్రి నమాజుకు ఏ మసీదులో ముందు అయిపోతుందో కనుక్కుని మరీ అక్కడికి వెళ్ళినవాణ్ణి నేను. హాఫిజ్ సాబ్ పరిగెడుతుంటే మనకు వినిపించేది ఆయతుల చివరి "యఅలమూన్, తఅలమూన్" మాత్రమే. రోజుకు ఒకటింపావు పారా, ఇరవై రకాతులు, బయట చాయ్ చల్లారిపోతోందన్న టెన్షన్. తప్పు హాఫిజ్‌ది అనలేను, ఆ తొందర మాదే. ఒకసారి తిరుపతి బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు వేద పాఠశాల పిల్లలు కూర్చున్నారు. చిన్నవాడు తల పైకీ కిందికీ ఆడిస్తూ ఏదో వేద పన్నం వల్లిస్తున్నాడు. పెద్దవాడు కిటికీలోంచి చూస్తూనే, "అక్కడ స్వరం పోయింది, మళ్ళీ" అన్నాడు. చంద్రగిరి దాటేలోపు అదే వాక్యం నాలుగుసార్లు చెప్పించాడు. చిన్నప్పుడు ఖురాన్ నేర్పిన మా హజ్రత్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అమ్మీ చెప్పినట్టే, ఖురాన్ మొదటి సూరా ఫాతిహా, హుసరీ చదివింది, ఫోన్లో పెట్టాం. "అల్‌హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్" అని ఆయన ఆగారు. ఆ సందులో అబ్బా నోరు కదిలింది. మొదటి వారం "అ... హమ్" దాకే. ఎవరూ ఎదురు చూస్తున్నట్టు అనిపించని విరామం అది. నెలన్నరకు ఏడు ఆయతులూ వచ్చాయి, సగం సగం అక్షరాలతో.

ఓ రోజు సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత మా పాత హజ్రత్ చూడ్డానికి వచ్చారు. కాయిదా (అరబీ అక్షరాల వాచకం) నేర్పేటప్పుడు, ఫాతిహా చివరి మాట "వలద్దాల్లీన్"లో 'ద్వాద్' సరిగా పలకలేదని మా వీపులు చిట్లగొట్టిన మనిషి. తెలుగులోనూ లేని, ఉర్దూ నాలుక 'జ్వా' అనేసే అక్షరం అది. తర్వాత దీర్ఘం ఆరు లెక్కలు లాగాలి, వేళ్ళు ముడుస్తూ. అబ్బా ఎడమ చేతి వేళ్ళు ముడుచుకుంటూ అందుకున్నారు. ఉత్త 'దా' పడింది. నేను హజ్రత్ మొహం వంక చూశాను. ఆయన ఏమీ అనలేదు. నాలుగో వేలు దగ్గర అబ్బాకు ఊపిరి అయిపోయింది.

"ఇంకా రెండున్నాయి భాయ్," అన్నారు హజ్రత్.

అబ్బా వంకర మూతితోనే నవ్వి, వేళ్ళన్నీ తెరిచి, ఆ ఆయతు మొదట్లోని "సిరాతల్లజీన" నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.