స్కర్మిష్ అంట, చిన్న గొడవంట

పాపకు రేపు ఇంగ్లీషు పరీక్ష. రాత్రి అన్నాలు తినేటప్పుడు స్కర్మిష్ అంటే ఏందమ్మా అని అడిగింది. పెద్ద యుద్ధం కాదు, కొద్దిమంది మధ్య ఉన్నట్టుండి మొదలై తొందరగా ముగిసే చిన్నపాటి పోరు అని నేను చెబుతూనే ఉన్నా, ఈయన మధ్యలో అందుకుని "పొద్దున మీ అమ్మకీ కింది పోర్షన్ ఆమెకీ అయింది చూడు, అదే" అన్నారు. పాప నవ్వింది. నాకు మాత్రం ముద్ద గొంతు దిగలేదు. అందుకే పదకొండు దాటినా కూర్చుని ఇది టైపు చేస్తున్నా.

మా ఇంట్లో పైనున్న మాకూ కింది పోర్షన్ ఆమెకూ సంపులోంచి ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు ఒకటే. కల్యాణి డ్యాం నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు వచ్చే ఊరే అయినా ఎండలు ముదిరితే మా సంపులోకి వచ్చేది అంతంతమాత్రం. పొద్దున ట్యాంకు సగం కూడా నిండకముందే ఆమె స్విచ్చి ఆపేసింది. ఎందుకు ఆపావని అడిగితే, "మీ ఇంటికి కొండకొచ్చే చుట్టాలు ఎక్కువ కదక్కా, ఎన్ని నీళ్ళున్నా మీకు చాలవు" అంది. తిరుపతిలో కాపురం పెట్టి, చుట్టాలు రావద్దంటే ఎట్లా? దర్శనానికని వచ్చి మా ఇంట్లో దిగని వాళ్ళు మా రెండు వైపులా లేరు. వాళ్ళకు వేణ్ణీళ్ళు కాచి పెట్టడం, అలిపిరి దాకా పోయి దింపి రావడం, గుండు చేయించుకుని వచ్చిన పిల్లల తలకు గంధం పూయడం, ఇవన్నీ నేను ఇష్టంగా చేసే పనులు. వాటిని నీళ్ళ ఖర్చు కింద లెక్కగట్టింది. ఆ మాట ఆమె అనడం ఒకెత్తు, దాన్ని పాప ముందు ఈయన చిన్న గొడవ అనడం ఇంకొకెత్తు. ఆ టైంకి ఆయన అక్కడ లేనే లేరు.

పాప పడుకున్నాక డిక్షనరీ తీశా. ఈ మాట సైన్యాల దగ్గరి నుంచి వచ్చింది. అసలు సేన కంటే ముందు విడివిడిగా పోయి శత్రువును కదిలించి చూసే తేలికపాటి దళాలు ఉండేవి, వాళ్ళను స్కర్మిషర్స్ అనేవాళ్ళు. మూలం పాత ఫ్రెంచిలో కత్తిసాము చేయడం అనే మాట. రగ్బీలో గుంపులుగా తలలానించి తోసుకునే స్క్రమ్ కూడా దీని వరస నుంచే పుట్టింది. ఇప్పుడు రెండు పార్టీల వాళ్ళు తోసుకున్నా, అసెంబ్లీలో మాటామాటా అనుకున్నా దీన్నే వాడేస్తారు. బొమ్మ కోసం పిల్లల పోట్లాటకు స్క్వాబుల్, మొగుడూపెళ్ళాల అలకకు టిఫ్, చొక్కాలు పట్టుకుంటే స్కఫుల్, తాగి వైన్ షాపు ముందు కలబడితే బ్రాల్. ఇవన్నీ పాపకు కాగితం మీద రాసిపెట్టా. కానీ చాలావాటిలో ఇది పెద్ద విషయం కాదనే తీర్పు ముందే కూర్చుని ఉంది. ఆ తీర్పు ఇచ్చేది గొడవలో లేని మనిషి.

మా చిత్తూరులో, గిరింపేటలో అవ్వోళ్ళ వీధికంతా ఒకటే కొళాయి. నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు, అర్ధరాత్రి గొట్టంలో గాలి శబ్దం మొదలైతే వీధంతా బిందెలతో లేచేది. వరసలో మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, ఆ బిందెను ఎవరైనా జరిపినారంటే ఇంక జగడమే. ఒక ఎండాకాలం ఎదురింటామె అవ్వ బిందెను కాలితో పక్కకు నెట్టింది. అవ్వకు పుట్టింటోళ్ళు పెట్టిన ఇత్తడి బిందె అది. పోయి అరుగు రాయికి తగిలి సొట్ట పడింది. అవ్వ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, ఆమె కూడా ఏం తగ్గలేదు, ఇద్దరూ కలిసి ఏడు తరాలను తోడి పోసుకున్నారు. తాత అరుగు మీద నుంచి లేవలేదు. పోనీలే అని ఒక్కరూ అనలేదు. నీళ్ళు ఆగిపోయినాక అవ్వ వీధి మధ్యలో నిలబడి "మా యమ్మ పెట్టింది మే ఇది, కాలితో తన్నినావే" అని ఏడ్చింది. ఎదురింటామె ఏమీ మాట్లాడకుండా వచ్చి, బిందె చేతిలోకి తీసుకుని సొట్టను తడిమి చూసింది. మరునాడు కంచరి దగ్గరికి తానే తీసుకుపోయి సరిచేయించి తెచ్చిచ్చింది. పూర్తిగా పోలేదు, కొంచెం మిగిలింది. మళ్ళీ జగడాలు పడలేదా అంటే పడినారు, చాలాసార్లు.

ఇంతదాకా రాశాక నా కోపం వేరే వైపు తిరుగుతోంది. చిన్నది అనడమే తప్పని మొదలుపెట్టా. కానీ తర్వాతి రోజుల్లో అవ్వే ఆ సంగతి చెబుతూ "ఏముందిలే, బిందె జగడం" అనేది. ఆమె అనొచ్చు, ఎదురింటామె కూడా అనొచ్చు. బిందె బాగుచేయించినాక అన్నారు కాబట్టి ఆ మాట ఎవరికీ గుచ్చుకోలేదు.

లడఖ్‌లో చైనా సైన్యంతో జరిగిన గల్వాన్ సంగతే చూడండి. 2020 జూన్ 15 రాత్రి ఆ లోయలో తుపాకీ పేలలేదు, రాళ్ళతో, మేకులు కొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. మనవాళ్ళు 20 మంది పోయారు, మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు వాళ్ళలో ఒకరు. ఆ ఏడాది సరిహద్దులో జరిగినవాటికి ఇంగ్లీషులో చాలాచోట్ల స్కర్మిషెస్ అనే రాశారు. యుద్ధం ప్రకటించలేదు, సేనలన్నీ దిగలేదు, అర్థం ప్రకారం సరైన మాటే. కానీ కొడుకు పోయిన ఆ ఇంటి వాళ్ళ ముందు ఆ మాట అనగలమా? నేనైతే అనలేను. పాపకు ఉదాహరణగా చెబుదామనుకుని కూడా వేరేది చెప్పా.

శుక్రవారం మదనపల్లె నుంచి పిన్నమ్మోళ్ళు కొండకు వస్తున్నారు. రేపు మోటారు వేసే టైంకి నేనే కిందికి పోయి ఆమెను అడుగుతా. స్విచ్చి గురించి కాదు, చుట్టాల మాట ఎందుకొచ్చిందని. వాళ్ళ అత్త కాలు విరిగి మంచాన పడినప్పటి నుంచి ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక లేదని నాకు తెలుసు, ఆ నీళ్ళు ఆమెకూ ఎక్కువే కావాలి. అది కూడా మాట్లాడతా. ఈయన మాత్రం దీంట్లోకి రాకుండా ఉంటే చాలు.