తుడవకముందే తిరగేసి చూశాం

నాష్‌విల్‌లో మా పక్కింటి పెద్దాయన పోయిన కొన్నాళ్లకి, ఆయన భార్య నన్ను పిలిచి గరాజ్‌లో ఒక బరువైన పెట్టె చూపించారు. లోపల షో-బడ్ కంపెనీ పెడల్ స్టీల్ గిటార్. పది తీగలు. ఫ్రెట్ల పలక మీద పేకముక్కల గుర్తులు: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. 1970లలో కొన్నారట. అమ్మే ముందు బాగు చేయించిపెట్టమని అడిగారు.

నేను చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను. ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయిస్తారనగానే గోటువాద్యం గుర్తొచ్చింది. అంతవరకు బాగానే అర్థమైంది. కాళ్ల సంగతే కొత్త. పెడల్ తొక్కితే అడుగున ఉన్న సన్నటి కడ్డీలు లాగి ఒకటి రెండు తీగల్ని మాత్రమే బిగిస్తాయి, మిగతావి కదలవు. 1954లో కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాటలో బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని పైకి లాగాడు. అది విన్నాక ఎంతోమంది వాద్యకారులు తమ గిటార్లకు పెడల్స్ పెట్టించుకునే పనిలో పడ్డారు.

రిపేరు షాపతను చూడగానే, "పెడల్స్ వరస తిరగేసి బిగించారు, సరిచేసి ఇస్తా" అన్నాడు. సరేననబోయాను. ఎందుకో మనసొప్పక, ఈ వాద్యం ఎన్నో ఏళ్లుగా వాయిస్తున్న ఒకాయనకి ఫోన్ చేశాను. ఆయన గట్టిగా కేకలేసినంత పనిచేశారు. గుడ్డ కూడా తగలనివ్వొద్దు, ముందు తిరగేసి ఫొటోలు తీసి, ఏ పెడల్ ఏ తీగని లాగుతోందో రాసుకోమన్నారు.

ఆ పట్టికని కోపెడెంట్ అంటారు. ఎవరి కోపెడెంట్ వారిది. కొన్నవాళ్లు తమకి నచ్చినట్టు మార్చేసుకుంటే పాత మనిషి చెయ్యి, కాలు రెండూ పోయినట్టే.

దుప్పటి పరిచి తిరగేశాం. ఆవిడ టార్చి పట్టుకున్నారు, నేను ఒక్కో పెడల్ చేత్తో నొక్కి ట్యూనర్ చూస్తూ రాసుకున్నాను. మూడో పెడల్ ఐదు, పది తీగల్ని 'బి' స్వరం నుంచి 'సి షార్ప్'కి తీసుకెళ్తోంది. షో-బడ్ పెట్టిన ఇద్దరిలో ఒకరైన బడ్డీ ఎమన్స్ పద్ధతిలో ఆ పని మొదటి పెడల్‌ది. ఇక్కడ వరస పూర్తిగా తలకిందులు. ఇది జిమ్మీ డే అనే మరో వాద్యకారుడి పద్ధతి, తప్పు కానే కాదు. పెడల్స్ కూడా అదే చెప్పాయి: రెండు, మూడు బూటు రాపిడికి అద్దంలా నునుపుదేలాయి, మొదటిదాని మీద గీతలు ఇంకా చెక్కు చెదరలేదు. ఎడమపాదం ఎక్కువగా ఆ జంట మీదే ఆడుతుంది మరి. అది చూసి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

పెట్టె అడుగున రెండు టేపు రీళ్లు దొరికాయి. ఇక్కడ మాత్రం నేను తొందరపడ్డాను. ఒకదాన్ని డిజిటల్ చేయమని ఒక చోట ఇస్తే, నేరుగా మెషీన్‌కెక్కించారు. ఆ కాలపు కొన్ని టేపుల్లో పైపూత పొడిని పట్టి ఉంచే జిగురు చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. గోధుమరంగు పొడి రాలి మూడు నిమిషాల సంగీతం పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. రెండోదాన్ని ఇంకొకరు ముందుగా 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలు వెచ్చబెట్టి ఎక్కించారు. వెచ్చబెట్టడం అన్ని టేపులకీ పనికిరాదు, పాత ఎసిటేట్ టేపుల్ని అలా చేస్తే పాడైపోతాయి. అది తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి.

ఆ టేపులో ఆయన గొంతు ఉంది. స్నేహితుడికి తన పెడల్స్ ఒక్కొక్కటీ పేరుపెట్టి చెబుతూ వాయించి చూపిస్తున్నారు. నేను రాసుకున్న పట్టికతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది.

ఆవిడ సంతకంతో అనుమతి తీసుకుని ఆ మాటలు, ఫొటోలు, కోపెడెంట్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాం. అందులోని పాటల హక్కులు వేరేవాళ్లవి కాబట్టి అవి ఇంట్లోనే ఉంచాం.

గిటార్ అమ్మలేదు. మనవరాలు నేర్చుకుంటోంది. పెట్టె మూత లోపలివైపు పట్టిక ఒక కాపీ అంటించాను. పెడల్స్ ఆయన బిగించిన వరసలోనే ఉన్నాయి.