చివరన ఉన్న "లే"

మా పదమూడేళ్ల అమ్మాయి నోట రోజుకు పదిసార్లయినా వినిపించే మాట "వాటెవర్". పప్పు చేయనా, పులుసు పెట్టనా అని అడిగినా, ఆదివారం తెలుగు తరగతికి వెళ్తావా అని అడిగినా అదే జవాబు. ఈ మాటకు ఒళ్లు మండేది నాకొక్కదానికే కాదని తెలిసి కొంత ఊరట కలిగింది. 2009లో మారిస్ట్ కళాశాల అమెరికాలో జరిపిన సర్వేలో 47 శాతం మంది సంభాషణల్లో అన్నిటికన్నా చిరాకు తెప్పించే మాటగా దీన్నే చెప్పారు. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి మొదటి స్థానం దీనిదే.

నిజానికి ఆ అర్థం వచ్చే మాట మనకూ లేకపోలేదు. చుట్టపుచూపుగా వెళ్లిన ఇంట్లో "కాఫీ కలపనా, టీ పెట్టనా" అంటే "ఏదో ఒకటిలే పిన్నీ" అంటాం, ఆవిడకు శ్రమ ఇవ్వకూడదన్న మొహమాటంతో. అదే భావాన్ని మా అమ్మాయి ఫోను మీంచి తలెత్తకుండా ఇంగ్లీషులో అంటే మొహం మీద తలుపు వేసినట్టు ఉంటుంది.

ఈ మాట మానుకోమని ఒకరోజు గట్టిగానే చెప్పాను. మర్నాటి నుంచి ఫ్రిజ్ మీద ఒక కాగితం వెలిసింది. దాని మీద "చూద్దాంలే" అని వంకర అక్షరాలతో రాసి, నేను ఆ మాట అన్నప్పుడల్లా ఒక గీత గీసింది. వారం తిరిగేసరికి పద్నాలుగు గీతలు.

"చూద్దాం అంటావు, ఎప్పుడూ ఏమీ చూడవు. వద్దు అని చెప్పొచ్చు కదమ్మా!"

నా దగ్గర సమాధానం లేదు. తెనాలిలో చిన్నప్పుడు సైకిలు కావాలని అడిగితే మా అమ్మ "చూద్దాం" అన్నప్పుడు కొంచెం ఆశ ఉండేది, "చూద్దాంలే" అన్నప్పుడు ఉండేది కాదు. ఆ తేడా నాకెవరూ నేర్పలేదు. ఇంట్లో ఇద్దరి తెలుగు మాత్రమే వింటూ డాలస్‌లో పెరిగిన పిల్లకు ఆ "లే" ఎలా పట్టుబడుతుంది అనుకున్నాను.

మొన్న వీడియో కాల్‌లో మా అమ్మ యథాప్రకారం "తిన్నావా" అని మొదలుపెట్టి (మా అమ్మాయి చిరాకుల జాబితాలో అదీ ఉంది), ఈ వేసవికైనా వస్తున్నారా అని అడిగింది. టికెట్ల ధరల గురించి అంతకుముందు ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకున్నది పిల్ల విన్నట్టుంది.

"చూద్దాంలే అమ్మమ్మా" అంది, ఆ "లే"ను కాస్త సాగదీసి.

మా అమ్మ ఒక్క క్షణం ఆగి, "అయితే ఆవకాయ ఎవరితోనైనా పంపిస్తానులే" అంది.